అర డిగ్రీ అబద్ధం

"మీ డబ్బా పలికిందండీ, బాబాయిగారూ!"

ఫోన్లో వెంకటదుర్గ వేసిన కేకకి బోటు అంచు మీద ఒంటికాలి మీద నిలబడ్డ కొంగ కూడా ఎగిరిపోయింది. తాతాజీ నోట్లో ఉన్న నూలుపోగు ఉమ్మేసి, "ఏంటమ్మా? ఇంకోసారి చెప్పు," అన్నాడు. వినపడక కాదు. మంచి మాట కూడా బూరెలాంటిదే, రెండోదే ఎక్కువ రుచి.

"కేబుల్ వచ్చిందండి! తగిలించగానే మా కంప్యూటర్ దాన్ని గుర్తుపట్టేసింది. లోపలివన్నీ మీ ముందే దింపుతాను, వచ్చెయ్యండి."

"ఆయ్, వచ్చేస్తన్నాను తల్లీ."

అన్నాడే గానీ చేతిలో ఉన్న వల కన్ను ముడి వేసేదాకా లేవలేదు. సగం ముడి వదిలేసి లేవడం ఆయనకి చేతకాదు. పొట్టి మనిషి. ఎండకీ ఉప్పుకీ ఒళ్లు చింతగింజ రంగు తేలింది. తాడు లాగిలాగి కుడిచేతి చూపుడువేలు కొంచెం పక్కకి వంగిపోయింది, ఎవరికైనా దారి చూపిస్తే వాళ్లు పక్కసందులోకి వెళ్లేలాగా. నరసాపురం రేవులో ఆయన్లాంటి బోటు నడిపే సరంగులు చాలామందే ఉన్నారు. తుఫానులో ఎవరినీ కాపాడిందీ లేదు, పేపర్లో ఫోటో పడిందీ లేదు. బోటు తీసుకెళ్లాడు, బోటు తీసుకొచ్చాడు. ఇన్నాళ్లూ చేసింది అదే.

డబ్బా అంటే చేతిలో ఇమిడిపోయే బూడిదరంగు జీపీఎస్. ఇప్పటి ఫోన్లు పుట్టకముందు విశాఖపట్నంలో కొన్నాడు. చేప తగిలే చోట్లు, నీటి కింద రాయి ఉండి వల చిరిగే చోట్లు అన్నీ అందులోనే దాచుకున్నాడు. వాటిని గురుతులంటారు. ఒకరి గురుతులు ఇంకొకరు అడగరు. అడగడమంటే, మీ ఆవిడ నగలు ఏ డబ్బాలో పెడుతుందని అడిగినట్టే.

ఈ మధ్య దాని తెర మీద గీతలు ఒక్కొక్కటే చచ్చిపోతున్నాయి. అంకెల్లో పై సగం చూసి కింద సగం ఊహించుకోవాలి. తాతాజీ మోకాళ్లు కూడా దానికి జతకట్టాయి. బోటు ఊగితే అవి ఊగనంటున్నాయి. అల్లుడు గణేష్‌బాబు, సొంత మేనల్లుడే, బోటు తీసుకోవడానికి సిద్ధంగా ఉన్నాడు. కానీ గురుతుల్లేకుండా పంపితే మొదటి వేటకే వల రాయి పాలవుతుంది. అవి గణేష్ ఫోన్లోకి ఎక్కితేనే తాతాజీ బోటు దిగగలడు. ఊళ్లో ఏ షాపుకి తీసుకెళ్లినా, "ఇలాంటిది మా తాత దగ్గర కూడా లేదండి," అని తిప్పి పంపేశారు. ఒక్క నెట్ సెంటర్ వెంకటదుర్గ మాత్రం దాన్ని అటూ ఇటూ తిప్పి, "అబ్బ, ఎంత ముద్దుగా ఉందండీ!" అంది. అందుకే అక్కడ వదిలి వచ్చాడు.

ఇంటికెళ్లి కాళ్లు కడుక్కునేసరికి రత్తమ్మ గడపలోనే చెప్పులేసుకుని నిలబడి ఉంది.

"నువ్వెక్కడికే?"

"ఆ డబ్బా ఏం పలికిందో నేనూ వింటాను. ఇన్నేళ్ల కాపురంలో నాతో మాట్లాడిన దానికంటే దాంతో మాట్లాడిందే ఎక్కువ కదా."

వాకిట్లో ఎదురుచూస్తున్న గణేష్‌బాబు నవ్వు ఆపుకోవడానికి ఆటో పిలిచాడు.

నెట్ సెంటర్ చిన్న గది. జిరాక్స్ మిషను, ఒక కంప్యూటరు, గోడకి కొత్త దంపతుల ఫోటో. వెంకటదుర్గ మెడలో పసుపుతాడు పచ్చదనం ఇంకా తగ్గలేదు. కుర్చీలో కూర్చున్నా కాలి మెట్టెలు నేల మీద తాళం వేస్తున్నాయి. ముందుగా ముగ్గురి చేతుల్లో తలో ఆకుపొట్లం పెట్టింది. "అన్నవరం ప్రసాదమండి. నిన్ననే వ్రతం చేసుకొచ్చాం. మా ఆయన కథ మధ్యలో నిద్రపోతే గిల్లి లేపేనండి."

రత్తమ్మ ప్రసాదం కళ్లకద్దుకుని, మొగుడి వైపు చూడకుండా మొగుడికే వినపడేలా అంది. "మా పెళ్లయిన మర్నాడే ఈయనకి చందువ చేపలు కనపడ్డాయి. వ్రతం ఇంకా బాకీ."

"అప్పుడు సీజనే," అన్నాడు తాతాజీ, నోటినిండా ప్రసాదంతో.

వెంకటదుర్గ డబ్బాకి కేబుల్ తగిలించింది. "మొదట్లో కంప్యూటర్ అనుమతి లేదందండి. నేనే అనుమతి ఇచ్చుకున్నాను."

"మీ ఆయన్ని అడగక్కర్లేదా?" అంది రత్తమ్మ.

"ఆయనా? ఆయనే నన్నడిగి టీ తాగుతారండి."

నల్ల తెర మీద తెల్ల అక్షరాలు జారడం మొదలుపెట్టాయి. తాతాజీ ముందుకి వంగాడు. "ఇది అందరి దగ్గరా ఉండే కంప్యూటర్ కాదా అమ్మా?"

"లైనక్స్ అనే సాఫ్ట్‌వేర్ అండి. దీని లోపల ఏముందో ఎవరైనా చూసుకోవచ్చు. మీ పాత డబ్బాతో ఎలా మాట్లాడాలో కూడా ఎక్కడో ఎవరో కనిపెట్టి, అందరికీ ఊరికే ఇచ్చేశారు."

"ఊరికే? గుట్టంతా చెప్పేస్తే ఆళ్లకేం మిగులుద్ది?"

వెంకటదుర్గ ఒక్క క్షణం ఆలోచించింది. "ఏమోనండి. మీ డబ్బా అయితే మిగిలింది కదా."

తాతాజీ వంగిన వేలితో గడ్డం గోక్కున్నాడు.

చివరి గురుతు దిగింది. దిగిన మరుక్షణం డబ్బా తెర మీద మిగిలిన గీతలు సన్నబడి, మసకబడి, ఆరిపోయాయి. చప్పుడు కూడా లేదు. వెంకటదుర్గ బటన్ నొక్కింది, బ్యాటరీలు మార్చింది, అరచేత్తో తట్టింది. అది ఇక లేవలేదు.

"పోనీలేమ్మా," అన్నాడు తాతాజీ మెల్లగా. "అన్నీ అప్పజెప్పే పోయింది."

"మ్యాప్ మీద పెట్టి చూపిస్తానుండండి," అని తెర వెలిగించిన వెంకటదుర్గ నోరు తెరిచినది తెరిచినట్టే ఉండిపోయింది.

సముద్రంలో ఒక్క చుక్క లేదు. ఎర్రచుక్కలన్నీ నేల మీదే! రావులపాలెం అరటితోటల్లో కొన్ని, తణుకు దగ్గర చెరుకు చేలల్లో కొన్ని, మండపేటలో ఏకంగా ఒక రైస్ మిల్లు కప్పు మీద ఒకటి.

గణేష్‌బాబు పొట్ట పట్టుకున్నాడు. "మావా! ఇన్నాళ్లూ మిల్లులో ఊక పట్టుకొచ్చి చందువలంటూ అమ్మేవా?"

రత్తమ్మ కూడా నవ్వింది. కానీ వెంకటదుర్గ నవ్వలేదు. మెట్టెల తాళం ఆగిపోయింది. "నేనే పాడుచేసేనండి, బాబాయిగారూ. ఎక్కడో తప్పు నొక్కేసుంటాను. మళ్లీ తీద్దామంటే డబ్బా కూడా పోయింది." కళ్లనిండా నీళ్లు తిరిగాయి.

తాతాజీ తెర వైపు చూశాడు, అల్లుడి వైపు చూశాడు. నోరు మూసుకుంటే సరిపోతుంది. పిల్ల తప్పు చేసిందనుకుంటారు. గుట్టు గుట్టుగానే ఉండిపోతుంది. రేపు మళ్లీ ఆయనే ఆ మోకాళ్లతో బోటెక్కుతాడు, తలలో మిగిలిన అరకొర అంకెలతో వెతుక్కుంటాడు.

"ఏడవకమ్మా," అన్నాడు. "నీ తప్పు కాదు. అబద్ధం రాసింది నేనే."

"అబద్ధమా?"

"ఎవడైనా డబ్బా ఎత్తుకుపోతే? అందుకని ప్రతి గురుతుకీ ఉత్తర దిక్కు చెప్పే అంకెలో అర డిగ్రీ ఎక్కువ కలిపి ఎక్కించేను. సముద్రం మీద చూసుకునేటప్పుడు మనసులో తీసేసుకుంటాను. దొంగ నమ్ముకుని బయలుదేరితే బోటు చేలో దిగబడాలి."

గణేష్‌బాబు నవ్వు ఆగిపోయింది. "నాక్కూడా చెప్పలేదు కదు మావా."

"నీకే కాదురా. మీ అత్తకీ తెలీదు. రేవులో గాలికి కూడా తెలీదు. ఇప్పుడు నీకు తెలిసింది, అల్లుడూ. జాగ్రత్త."

"జాగ్రత్తగానే ఉంటాను మావా," అన్నాడు గణేష్‌బాబు. ఈసారి గొంతులో వెటకారం లేదు.

వెంకటదుర్గ పైటచెంగుతో కళ్లు తుడుచుకుని ఒకే ఒక్క వరుస టైపు చేసింది. అన్నిట్లోంచీ అర డిగ్రీ తీసెయ్యి, అంతే. ఎంటర్ నొక్కింది. అరటితోటల్లోవి, చెరుకు చేలల్లోవి, రైస్ మిల్లు కప్పు మీదది, అన్నీ ఒక్కసారిగా లేచి కోనసీమ కొబ్బరిచెట్లు దాటుకుని వెళ్లి నీళ్లలో దిగిపోయాయి, సాయంత్రం బాతులమంద చెరువులోకి దిగినట్టు.

"బాబోయ్, ఎంత బాగుందో!" అని తనే చప్పట్లు కొట్టేసింది. మెట్టెలు మళ్లీ తాళం అందుకున్నాయి. గణేష్‌బాబు ఫోన్లోకి అన్నీ ఎక్కించింది. అంతలో ఆమె కనుబొమ్మలు ముడిపడ్డాయి. "ఇదొక్కటి మరీ లోపలికి పోయిందండి, నడిసముద్రంలోకి. ఇందాక ఇది మన ఊళ్లోనే ఉంది. ఏదో పేరు కూడా ఉంది... రత్తం?"

తాతాజీ ప్రసాదం ఆకుని నాలుగు మడతలు పెట్టాడు. విప్పాడు. మళ్లీ మడతపెట్టాడు.

"దాంట్లో ఆరు ఇంగ్లీషు అక్షరాలకి మించి పట్టవమ్మా. పేరు తెగిపోయింది."

"ఏంటండీ అది?"

"ఇల్లు. దానికి మాత్రం అబద్ధం కలపలేదు. పొగమంచులో దారి తప్పితే లెక్కలెయ్యకుండా తిన్నగా వచ్చెయ్యాలి కదా. దాన్ని వెనక్కి తెచ్చెయ్యి."

వెంకటదుర్గ రెండు చేతులూ బుగ్గలకి ఆనించుకుంది. గణేష్‌బాబు జిరాక్స్ మిషను వైపు తిరిగి దగ్గాడు. రత్తమ్మ మాత్రం చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఎవరైనా చూస్తే నవ్వుతారు. నన్ను నడిసముద్రంలో తోసేసి చోద్యం చూస్తున్నారు. లాగమ్మాయ్, పైకి లాగు ముందు," అంది. తాతాజీ వైపు చూడలేదు గానీ కుర్చీ కొంచెం ఆయన వైపు జరుపుకుంది.

చుక్క ఎగిరొచ్చి నరసాపురంలో వాలింది.

లేచేటప్పుడు తాతాజీ రెండు మోకాళ్ల మీదా చేతులు ఆనించుకుని లేచాడు. "ఒరే గణేషూ, రేపు తెల్లారి బోటు నువ్వే తియ్యి. నేను రాను."

"ఆయ్. మరి నువ్వేం చేస్తావు మావా?"

"రేపు పొద్దున్న మొదటి బస్సుకి నేనూ మీ అత్తా అన్నవరం వెళ్తన్నాం. వ్రతానికి."

రత్తమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. "కథ మధ్యలో నిద్రపోతే?"

"గిల్లు."

వీధిలోకి దిగాక కూడా ఆవిడ నవ్వు గదిలోకి వినపడుతూనే ఉంది. వెంకటదుర్గ చాలాసేపటికి గానీ గమనించలేదు. బాబాయిగారు డబ్బా ఇక్కడే వదిలేశారు. రత్తమ్మ ఎప్పుడో పేనిన నీలం నైలాన్ తాడు దానికి ఇంకా కట్టే ఉంది. ఆరిపోయిన తెర కింద, అరిగిన బటన్ సందులో ఇరుక్కున్న చేప పొలుసు ఒకటి కంప్యూటర్ వెలుగు పడినప్పుడల్లా తళుక్కుమంటోంది.