గొలుసులు పడిన ఫౌంటెన్

రాజుగారి తోటలో ఫౌంటెన్ అంటే అలాంటిలాంటిది కాదు. మేడంత రాతి ఏనుగు, తొండమెత్తి ఆకాశానికి నీళ్లు చిమ్మేది. కట్టించిన పెద్దలు ఏనుగును చూసుకున్నారు గాని నీళ్ల సంగతి మరిచారు. తొట్టి నిండా పోసినా, కాళ్లు కడుక్కునేంతసేపు ఆడి ఊరుకునేది.

అందుకే అక్కడొక పద్ధతి పడింది. రాజుగారు ఎటు కదిలినా ముందు బాకా ఊదాలి. అది వినగానే ఫౌంటెన్ కాపరి చక్రం తిప్పి నీళ్లు వదలాలి. రాజుగారు చూస్తుండగా నీళ్లు ఆగాయో, కాపరికి కొలువూ పోతుంది, తోట వెనక ఇల్లూ పోతుంది.

ఒకరోజు రాజుగారు వచ్చి, ఏనుగుకెదురుగా కుర్చీలో కూర్చుని, చల్లగాలికి కునుకు తీశారు. ఎంతకీ లేవరే! తొట్టి అడుగంటింది. కాపరికి పై ప్రాణాలు పైనే పోయాయి.

"లేపుదామా బావా?" అన్నాడు బాకా ఊదే బావమరిది.

"లేపితే తల పోతుంది, ఆగితే ఇల్లు పోతుంది. ఇల్లు పోతే మీ అక్క నన్ను బతకనిస్తుందట్రా?"

"అయితే కుర్చీ తిప్పేద్దాం, పట్టు."

ఇద్దరూ నిండుకుండను ఎత్తినట్టు కుర్చీనెత్తి, రాజుగారి మొహం పొదలవైపు తిప్పారు. ఏనుగు గుడగుడమని ఆగింది. ఆ నిశ్శబ్దానికి రాజుగారికి మెలకువ వచ్చింది.

"ఫౌంటెన్ ఏదయ్యా?"

"మీ వెనకే ఉంది ప్రభూ," అన్నాడు కాపరి.

"నేనెప్పుడు తిరిగాను?"

పరుగున వచ్చిన మంత్రి బావమరిదిని నిలదీశాడు. "బాకా ఊదావా?"

"లేదండీ."

"బాకా మోగందే ప్రభువులు కదలరు. కాబట్టి కదిలింది ఫౌంటెనే!" అని తేల్చేశాడు మంత్రి.

"చెప్పాపెట్టకుండా నా వెనక్కి పోతుందా? కట్టేయండి దాన్ని!"

ఏనుగు కాళ్లకు గొలుసు పడింది. నీళ్లు బంద్. కాపరిని దానికి జైలరును చేశారు.

"రాయికి కాపలా ఏంటయ్యా, నలుగురూ నవ్విపోతారు," అంది పెళ్లాం.

"నవ్వితే నవ్వనీవే. ఇల్లు నిలిచిందా లేదా?"

కొన్నాళ్లకు రాజుగారు ఖైదీని చూడవచ్చారు. గొట్టంలో మిగిలిన తడేదో ఏనుగు కంటి పగుల్లోంచి చుక్కలుగా జారింది. రాజుగారి మనసు వెన్నలా కరిగింది.

"పాపం, ఏడుస్తోందయ్యా. వదిలేద్దామా?"

వదిలితే మళ్లీ తొట్టి, మళ్లీ చక్రం, మళ్లీ కునుకు. కాపరి గబగబా ఏనుగు మీదికెక్కి తువ్వాలుతో దాని కళ్లు తుడిచేశాడు.

"దొంగ ఏడుపు ప్రభూ! మొన్న కూడా పారిపోబోతే పట్టుకున్నాను."

"అమ్మో! అయితే ఇంకో గొలుసు వెయ్యి."

కాపరి రెండు వేశాడు.