మిగిలిన రెండు గళ్లు

ఆ సాయంత్రం మా భోజనాల బల్ల చుట్టూ హాజరైనవారు, కూర్చున్న వరుసలో: తలవైపు కుర్చీలో నేను, నా కుడిపక్కన నా భార్య, ఆమె పక్కన మా అబ్బాయి, ఆ తర్వాత కోడలు, చిట్టచివర, వంటగది గుమ్మానికి దగ్గరగా, ఎప్పుడు కావాలంటే అప్పుడు లేచి ఏదో ఒకటి నోట్లో వేసుకోవడానికి వీలుగా, నా తమ్ముడు. మాకు ఎదురుగా, గోడకు ఆనించిన చిన్న నల్లబల్ల పక్కన నిలబడి ఉన్నది నా మనుమరాలు.

మర్నాడు ఉదయం ఆమె ఒక కళాశాలలో నమూనా పాఠం చెప్పవలసి ఉంది. నచ్చితే ఉద్యోగం ఇస్తారు. అంతకుముందు రెండు చోట్ల చెప్పింది. రెండు చోట్లా ఒకే మాట అన్నారు: విషయం తెలుసు గాని పిల్లల తలకెక్కేలా చెప్పలేకపోతున్నది అని. ఈసారీ అదే మాట వినవలసి వస్తే బీమా కార్యాలయంలో చేరిపోతానని, మళ్లీ సుద్దముక్క ముట్టనని తేల్చి చెప్పింది. పలకలు పట్టే వయసులో బొమ్మలను వరుసగా కూర్చోబెట్టి హాజరు పిలిచిన పిల్ల అది. ఆ మాట విన్ననాటి నుంచి ఇంట్లో ఎవరి మనసూ మనసులో లేదు.

అందుచేత మేమంతా విద్యార్థులమయ్యాము. పాఠం ఇది: కొన్ని సంఖ్యల వర్గాల సగటు, ఆ సంఖ్యల సగటు యొక్క వర్గం కంటే ఎందుకు ఎక్కువ? గణాంక శాఖలో ఉపసంచాలకుడిగా పదవీ విరమణ చేసిన నాకు ఇది కొత్త విషయం కాదు.

"రెండు, నాలుగు తీసుకుందాం. సగటు మూడు. మూడు వర్గం తొమ్మిది," అన్నది మనుమరాలు. "ఇప్పుడు ముందు వర్గాలు కడదాం. నాలుగు, పదహారు. వాటి సగటు పది. తొమ్మిది కాదు, పది!"

ఆ తరువాత నల్లబల్ల నిండా సూత్రాలు రాసి, ఎక్కడా తడబడకుండా నిరూపించి, "అర్థమైందా?" అని అడిగింది.

"బ్రహ్మాండంగా!" అన్నాడు మా అబ్బాయి. కోడలు తల ఊపింది. "నా బంగారం ఏం చెప్పినా నాకర్థమే," అన్నది నా భార్య. నిరూపణలో లోపం లేదు గనుక నేను కళ్లద్దాలు సవరించుకుని ఆమోదం తెలియజేశాను.

తమ్ముడు చెయ్యి ఎత్తాడు. "నాకు అర్థం కాలేదమ్మా."

మందుల దుకాణాన్ని కొడుక్కి అప్పగించి విశ్రాంతిగా ఉన్న మనిషి. సినిమా చూస్తూ కూడా పక్కవాణ్ణి ప్రశ్నలడుగుతాడు. బంధువులు అతనికి అడ్డుపుల్ల అని పేరు పెట్టారు.

"ఎక్కడ అర్థం కాలేదు చిన్నతాతా?"

"తొమ్మిది ఉండాల్సిన చోట పది ఉంది. ఆ ఒకటి ఎక్కణ్ణుంచొచ్చింది?"

"లెక్కలో వచ్చింది కదా."

"వచ్చిందని నాకూ కనబడుతూనే ఉంది తల్లీ. ఎందుకొచ్చిందని అడుగుతున్నా."

ఆమె మొత్తం తుడిచి మళ్లీ నిరూపించింది. "ఇప్పుడు?"

"ఇప్పుడూ కాలేదు."

"ఒరేయ్, తెల్లారితే పిల్ల పాఠం చెప్పాలి. ఎందుకు దాన్ని సతాయిస్తావు?" అన్నాను.

"కాకపోయినా అయిందనమంటావా అన్నయ్యా? మీరు నలుగురూ అన్నారుగా, చాలదూ?"

"అంటే మాకు అర్థం కాలేదంటావా?"

"నీకు పుట్టకముందే అర్థమైంది. నేను నా సంగతి చెబుతున్నా."

"ఆయన తలకెక్కాలంటే ముందు కడుపులో పడాలి," అంటూ నా భార్య బిస్కెట్ల పళ్లెం అటు జరిపింది.

"పెట్టండి వదినా, కాదన్నానా?"

అందరూ నవ్వారు, మనుమరాలు తప్ప. ఆమె కుర్చీలో కూలబడింది. "ఒక్కరికి చెప్పలేకపోతున్నా, ఇంక క్లాసుకేం చెప్తాను? ఆ బీమా ఆఫీసుకి ఫోన్ చేసేస్తాను."

తమ్ముడు లేచి వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాడు. "నేను మొద్దునేనమ్మా. కానీ రేపు బెంచీల మీద ఉండేదీ నాలాంటివాళ్లే. నన్ను గెలిచావంటే వాళ్లను గెలిచినట్టే. ఆ వర్గమేదో గోడ మీద కాదు, నా చేతికియ్యి."

ఆమె అతని చాచిన అరచేతిని కాసేపు చూసింది. గబగబా లోపలికి వెళ్లి గళ్ల కాగితం, కత్తెర, జిగురు తెచ్చింది. పక్కకు రెండు గళ్లు, నిలువుకు రెండు గళ్లు ఉండేలా ఒక చతురస్రం కత్తిరించింది. నాలుగేసి గళ్లతో ఇంకొకటి.

"చిన్నతాతా, రెండూ సమానం కావాలి. మూడేసి గళ్లవి చెయ్యండి."

తమ్ముడు పెద్దదాన్ని కత్తిరిస్తే ఏడు గళ్లు రాలాయి. వాటితోనే చిన్నదాని అంచులు పూరించాడు. ఐదు పట్టాయి. అతడు రెండు చతురస్రాల గళ్లనూ మళ్లీ లెక్కపెట్టాడు.

"రెండు మిగిలాయేంటే!"

"రెండు చతురస్రాలకీ పంచండి."

"తలా ఒకటి..." అతని కనుబొమలు పైకి లేచాయి. "ఇదా ఆ ఒకటి! అయితే మొదట్నుంచీ రెండూ మూడేసే అయితే?"

"మీరే చెప్పండి."

"కోసేదీ లేదు, మిగిలేదీ లేదు. మరి ఒకటీ, ఐదూ అయితే?"

ఆమె మళ్లీ కత్తిరించి ఇచ్చింది. పెద్దదాని నుంచి పదహారు రాలాయి. చిన్నది ఎనిమిది తీసుకుంది. మిగిలినవి ఎనిమిది.

"తలా నాలుగు! ఇందాక సగటుకి ఒకటి దూరం, ఒకటి మిగిలింది. ఇప్పుడు రెండు దూరం, నాలుగు మిగిలింది. దూరం వర్గమేనమ్మా మిగిలేది!" అని కేక పెట్టాడు.

"అంతే చిన్నతాతా. ఆ దూరాల వర్గాల సగటునే పుస్తకాల్లో విస్తృతి అంటారు," అన్నది మనుమరాలు. ఆమె నల్లబల్ల వైపు తిరగనే లేదు.

కత్తెర ఇటు ఇవ్వమని నేను అడిగాను. తనిఖీ నిమిత్తం.

మర్నాడు మధ్యాహ్నం ఆమె చెప్పులు విప్పకుండానే లోపలికి వచ్చింది. "పాఠం మధ్యలో ఒకమ్మాయి లేచి, అర్థం కాలేదు మేడమ్ అంది. ఎంత సంతోషమేసిందో చిన్నతాతా! కత్తెర దాని చేతికే ఇచ్చేశాను." సోమవారం నుంచి పనిలో చేరమన్నారట.

తమ్ముడు నోట్లో ఏదో నములుతూనే బిస్కెట్ల పళ్లెం ఆమె వైపు జరిపాడు.

కుటుంబ పెద్దగా నేను ఈ క్రింది విషయాన్ని ధ్రువీకరిస్తున్నాను. ఆ సాయంత్రం మేము నలుగురం ఆ పిల్ల మీది ప్రేమతో తలలు ఊపాము. నా తమ్ముడు అంతే ప్రేమతో ఊపకుండా కూర్చున్నాడు. ఆమెకు కావలసిన సహాయం చేసినవాడు అతడొక్కడే. అందుకు ఈ కుటుంబం అతనికి కృతజ్ఞతలు తెలుపుతున్నది.