ఊదా బస్సు

ఆ ఊళ్ళో బస్సులు నది దాటవు. గుట్టవైపు డిపో బస్సు వంతెనకు ఆ చివర ఆగుతుంది, ఇసుకవైపు డిపో బస్సు ఈ చివర ఆగుతుంది. మధ్యలో వంతెనను జనం తమ కాళ్ళతోనే దాటుకోవాలి. వంతెన గట్టిదే. దాని మీద లారీలు పోతాయి, పాలబళ్ళు పోతాయి, పెళ్ళివారి కార్లు హారను కొట్టుకుంటూ పోతాయి. బస్సు మాత్రం పోదు. ఎందుకంటే గుట్టవైపు ఊదా పార్టీది, ఇసుకవైపు ఇటుకరంగు పార్టీది. ఎవరి డ్రైవర్లు వాళ్ళవైపు, ఎవరి ఆటోలు వాళ్ళవైపు. ఈ ఏర్పాటు ఎప్పుడు మొదలైందో ఎవరికీ గుర్తులేదు గానీ, మారుద్దామని ఎవరైనా నోరు తెరిస్తే మాత్రం అందరికీ తాతముత్తాతలు గుర్తొస్తారు.

కొత్త కోడలు పుట్టింది గుట్టవైపు, మెట్టింది ఇసుకవైపు. వంతెన పక్కనే ఉన్న రవాణా కార్యాలయంలో ఆమె ఉద్యోగం. ఏ బస్సు ఎప్పుడు బయలుదేరాలో, ఎక్కడ ఎంతసేపు ఆగాలో రాసే పని. పెళ్ళయి మూడో నెల నడుస్తోంది కాబట్టి ఆమెకు లోకంలో అన్నీ ముద్దుగానే ఉన్నాయి. భర్తకు గొడుగు పట్టడం రాదు. వానలో వంతెన దాటేటప్పుడు గొడుగంతా ఆమె వైపు వంచేసి తన భుజం తడుపుకుంటాడు. ఆ తడిసిన చొక్కా గుర్తొచ్చి, అంకెలు రాసుకుంటూ ఆమె తనలో తానే నవ్వుకునేది. పక్క బల్లవాళ్ళు చూసీ చూడనట్టు ఊరుకునేవాళ్ళు.

ఆ ఇంట్లో నవ్వురాని సంగతి ఒక్కటే. అత్తగారి మోకాలు. ఆపరేషన్ బాగానే జరిగింది. ఆ తర్వాత రోజు విడిచి రోజు వ్యాయామం చేయించాలి. అది చేయించే ఆసుపత్రి గుట్టవైపు ఉంది. "ఇప్పుడు ఎంత వంచుకుంటే అంతేనమ్మా. మధ్యలో మానేశారో, కర్రలా బిగుసుకుపోతుంది" అని అక్కడి వ్యాయామం అమ్మాయి మొహమాటం లేకుండా చెప్పింది. ఆవిడ వంతెన నడవలేదు. ఈవైపు ఆటో ఆవైపుకు పోదు. అందుకని కొడుకు సెలవు పెట్టి, అద్దెకు తెచ్చిన చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి వంతెన దాటిస్తున్నాడు. వంతెన అతుకుల మీద కుర్చీ ఎగిరిపడ్డప్పుడల్లా ఆవిడ పళ్ళ బిగువున "ఏం లేదురా, నడు" అనేది. ఆ సెలవు కాస్తా నెలాఖరుకు అయిపోతుంది.

అందుకే కొత్త కోడలు ఒక బస్సును కాగితం మీద పెట్టింది. ఇసుకవైపు బజారులో బయలుదేరి, వంతెన దాటి, ఆసుపత్రి గుమ్మం దాకా పోయే బస్సు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మామగారు నగరసభలో ఇటుకరంగు పార్టీ సభ్యుడు. మైకు లేకుండానే ఆఖరి వరుసకు వినిపించే గొంతు కాబట్టి ఊరంతా ఆయన్ని 'మైకు' అనే పిలుస్తుంది. ఆయన చెవిన వేస్తే అది రాజకీయమవుతుంది. కార్యాలయం నుంచి పోతే ఉత్త బస్సుగానే పోతుందని ఆమె లెక్క.

కొత్త ప్రతిపాదన ఏదైనా సరే, నగరసభ ముందుకు పోయేలోగా వంతెన రెండు చివరలా నోటీసు బోర్డుకు అంటించాలి. ఆ రోజు తెల్ల కాగితాలు అయిపోయాయి. సెలవు దరఖాస్తుల కోసం తెచ్చిన రంగు కాగితాల కట్ట బీరువాలో కనిపించింది. దాని మీద అచ్చు తీసి, రెండు వైపులా అంటించి వచ్చింది.

మధ్యాహ్నానికి పై అధికారి ఆమె బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"అమ్మాయ్, నీ బస్సు పార్టీలో చేరిపోయింది."

"ఏ పార్టీలో సార్?"

"కాగితం రంగు చూసుకో తల్లీ."

చూసుకుంది. లేత ఊదా.

అప్పటికే ఊదా పార్టీ నాయకురాలు బోర్డు పక్కన నిలబడి ఫొటో తీయించుకుని, 'ఇసుకవైపు సోదరులకు మా కానుక' అని ప్రకటించేసింది. ఆ ప్రతిపాదనను ఆవిడ అంతకుముందు చూసింది లేదు. సాయంత్రానికి ఇటుకరంగు పార్టీ కూడా చర్చించి, ఆ బస్సును ప్రాణం పోయినా రానివ్వబోమని తీర్మానించింది. వాళ్ళూ చదివింది లేదు. తీర్మానం రాసింది మామగారే.

ఇంటికి వెళ్ళేసరికి ఆయన వరండాలో అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"విన్నావా అమ్మాయ్, ఊదావాళ్ళు వేసిన ఎత్తు?"

"అది వాళ్ళ ఎత్తు కాదు మామయ్యా. ఆ కాగితం రాసింది నేను. తెల్ల కాగితాలు అయిపోయాయి, అంతే."

ఆయన జాలిగా చూశాడు. "పిచ్చితల్లీ, నీచేత రాయించారన్నమాట. ఊదా కాగితం ఊరికే చేతికొస్తుందా?"

"నాన్నా, అది సెలవు దరఖాస్తుల కాగితం" అన్నాడు కొడుకు.

"నువ్వూరుకోరా. పెళ్ళయిన దగ్గర్నుంచీ నీకు అన్నీ ఊదాగానే కనిపిస్తున్నాయి."

కొడుకు నవ్వాడు. కొత్త కోడలికి నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. లోపల మంచం మీద అత్తగారు మడమను పక్క మీద జరుపుకుంటూ కాలు వంచుతోంది. ఆ రాపిడి చప్పుడు వరండాలోకి వినిపిస్తోంది.

"అత్తయ్య కోసం మామయ్యా" అంది నెమ్మదిగా. "వచ్చే నెల నుంచి ఎలా వెళ్తారు?"

మామగారు తిరగడం ఆపి కుర్చీలో కూర్చున్నాడు. గొంతు కూడా కూర్చుంది.

"నన్ను మొండివాణ్ణనుకోకు. మన బజారు వెనక కంచె వేసిన స్థలం చూశావుగా? మనకు ఆసుపత్రి కడతామని బోర్డు పెట్టి పదేళ్ళయింది. ఇవాళ ఈ బస్సు ఎక్కామనుకో, రేపు ఏమంటారు? బస్సు ఉందిగా, మీకు ఆసుపత్రి ఎందుకు అంటారు. బిస్కెట్టు ఇచ్చి అన్నం ఎగ్గొట్టడం అంటే ఇదే. ఇవాళ మీ అత్త ఒక్కర్తే. రేపు ఈవైపు పుట్టే ప్రతి బిడ్డా వంతెన దాటి పుట్టాలా?"

ఆ స్థలం కొత్త కోడలికి తెలుసు. బోర్డు మీద అక్షరాలు వెలిసిపోయాయి, కంచె మీద ఎవరివో దుప్పట్లు ఆరుతుంటాయి. మామగారిది వట్టి పట్టుదల అయితే పోట్లాడవచ్చు. అందులో న్యాయం కూడా కలిసి ఉంటే ఎలా పోట్లాడాలి? మింగమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

నగరసభ సమావేశానికి ముందురోజు ఆదివారం. మామగారు ఉపన్యాసం సాధన చేస్తున్నాడు. గోడ మీది గడియారమే సభ. "ఈ బస్సు బస్సు కాదు, మన ఆత్మగౌరవం మీదికి వదిలిన..." అని గొంతెత్తి, ఏం వదిలారో తోచక ఆగాడు.

"ఎద్దు" అంది అత్తగారు లోపలి నుంచి.

"నువ్వుండవే."

"ఉన్నానుగా, ఎక్కడికి పోతాను? ఒక్క మాట చెప్పండి. ఆ బస్సు మీరు వద్దంటే ఎవరికి నష్టం? వాళ్ళ ఆసుపత్రి వాళ్ళ గుమ్మంలోనే ఉంది. వాళ్ళ కాళ్ళు శుభ్రంగా వంగుతాయి."

"అయితే వాళ్ళు విదిల్చిన కానుక చేయి చాచి పుచ్చుకోమంటావా?"

"పుచ్చుకోవడం నామోషీ అయితే అడిగి తీసుకోండి. మనది మనం తెచ్చుకుంటున్నట్టు అడగండి. ఉప్పు డబ్బా అందించమంటేనే ఉపన్యాసం ఇచ్చే మనిషికి ఇది కూడా నేనే చెప్పాలా? ఆసుపత్రి కావాలంటే దాని కోసం కూడా అరవండి. ఒకటి అడిగితే రెండోది అడగకూడదని ఎవరన్నారు?" ఆవిడ కాస్త ఆగి, ఊపిరి తీసుకుని మళ్ళీ అంది. "మీ ఆసుపత్రి వచ్చేదాకా ఈ మోకాలు ఆగదండీ. మీ పార్టీకి ఆగే ఓపిక ఉంది. దీనికి లేదు."

గడియారం ముందు ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఆ ఇంట్లో అదొక విడ్డూరం. కొడుకు వంటింట్లోంచి తొంగిచూసి, తండ్రికి ఒంట్లో బాగానే ఉందా అన్నట్టు భార్యకు సైగ చేశాడు.

చివరికి ఆయన గొంతు సవరించుకున్నాడు.

"అమ్మాయ్, కలం తీసుకో. రాయి. వంతెన దాటే బస్సు ఎవరి కానుకా కాదు, ఇసుకవైపు ప్రజల హక్కు. రాశావా? ఇన్నాళ్ళూ దాన్ని తొక్కిపెట్టినందుకు ఊదా పార్టీ సిగ్గుపడాలి."

తొక్కిపెట్టిన పాపంలో ఇటుకరంగు పార్టీకీ సగం వాటా ఉందని ఆమెకు తెలుసు. అయినా రాసింది.

"ఆ బస్సు ఆసుపత్రికి బదులు కాదు. అది మినిట్సులోకి ఎక్కాలి. ఆపైన, మన నేల మీద బస్సు నడిపేది మన డిపో డ్రైవరే."

ఆమె కలం ఆగింది. "అయితే గుట్టవైపు డ్రైవరు మామయ్యా?"

"వంతెన మీద దిగిపోతాడు. మనవాడు ఎక్కుతాడు."

"అంటే దారిలో గుర్రం మార్చినట్టా నాన్నా?" అన్నాడు కొడుకు.

"గుర్రం అదేరా. రౌతు మారతాడు."

మర్నాడు సభలో కొత్త కోడలు అధికారి వెనక, కాలపట్టిక ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఊదా నాయకురాలు బస్సు ప్రతిపాదన చదివి, మామగారి వైపు చిరునవ్వుతో చూసింది. ఆయన కాదంటాడు, రేపు ఆ సంగతే గోడల మీద రాయిద్దామని ఆవిడ తయారుగా ఉంది.

మామగారు లేచాడు. "మాకు ఆ బస్సు కావాలి. రేపటి నుంచే కావాలి."

నాయకురాలి చిరునవ్వు ముఖం మీదే ఉండిపోయింది, కళ్ళు మాత్రం మారిపోయాయి. ఊదావాళ్ళు ఒకరి చెవిలో ఒకరు గుసగుసలాడుకున్నారు. "వాళ్ళు కావాలంటున్నారంటే ఇందులో ఏదో మతలబు ఉంది" అని ఒకాయన పైకే అనేశాడు. కొంచెం వ్యవధి కావాలని అడిగి అందరూ బయటికి పోయారు. కొత్త కోడలు ఒళ్ళోని కాలపట్టికను రెండుగా మడిచి, మళ్ళీ విప్పింది. ఇంత దూరం వచ్చి, కావాలన్నందుకే బస్సు ఆగిపోతుందా?

"కంగారుపడకు" అన్నాడు అధికారి. "నిన్నటిదాకా నీ బస్సు అనాథ. ఇవాళ అమ్మానాన్నలు ఎక్కువయ్యారు. వాళ్ళు పెట్టిన తీర్మానాన్ని వాళ్ళే ఓడిస్తారా?"

ఓడించలేదు. తిరిగొచ్చి, తమ నేల మీద తమ డ్రైవరే ఉండాలని గట్టిగా షరతు పెట్టారు. అది ముందురోజు మామగారు రాయించిన షరతే. అయినా ఆయన దాని మీద పావుగంట అభ్యంతరం చెప్పి, పెద్దమనసుతో ఒప్పుకున్నాడు. బస్సు రంగు దగ్గర మాత్రం ఇద్దరూ తగ్గలేదు. చివరికి ఒక పక్క ఊదా, ఒక పక్క ఇటుకరంగు అని తేలింది. బస్సు ఆసుపత్రికి బదులు కాదన్న మాటను మినిట్సులో రాసేదాకా మామగారు కూర్చోలేదు. ఆసుపత్రి సంగతి పరిశీలిస్తామని అధ్యక్షుడు అన్నాడు. పరిశీలన ఎప్పుడని అడిగితే, అదీ పరిశీలిస్తామన్నాడు.

బస్సు మొదలైన రోజున అత్తగారిని మామగారూ కొత్త కోడలూ తీసుకెళ్ళారు. కొడుకు పొద్దున్నే ఉద్యోగానికి పోయాడు. వెళ్ళేముందు తల్లి కాలికి, భార్య బుగ్గకు చెరో ముద్దు పెట్టి పోయాడని అత్తగారు దారి పొడవునా నవ్వుతూనే ఉంది. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, ఆపరేషన్ కాలు తర్వాత అని పైకి అనుకుంటూ మెట్లెక్కింది. కిటికీ పక్కన కూర్చుని, మొదటిసారి ఎగిరిపడకుండా వంతెన అతుకులు దాటింది.

నట్టనడిమి గీత దగ్గర బస్సు ఆగింది. ఇసుకవైపు డ్రైవరు తన తువ్వాలు, నీళ్ళసీసా తీసుకుని దిగి, పిట్టగోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఎక్కవలసిన గుట్టవైపు డ్రైవరు కనుచూపుమేరలో లేడు. టీ తాగి నడిచొస్తున్నాడట.

బస్సులో గొణుగుడు మొదలైంది.

"బస్సుందని సంబరపడితే ఇదేం ఖర్మండీ? ఎవడు పెట్టాడీ నిబంధన?" అన్నాడు ముందు సీటాయన.

మామగారు నదిలో నీళ్ళు ఎంత ఉన్నాయో చాలా శ్రద్ధగా చూస్తున్నాడు.

"మా ఆయనే నాయనా" అంది అత్తగారు.

ముందు సీటాయన వెనక్కి తిరిగి చూసి, మైకును గుర్తుపట్టి సర్దుకున్నాడు. మామగారు గొంతు సవరించుకుని, ఇది ఉత్త డ్రైవరు సంగతి కాదని, ఇసుకవైపు గౌరవమని, రేపు ఆసుపత్రి కట్టేదాకా పోరాటం ఆగదని మొదలుపెట్టాడు. ఊదా రంగు సంచీ పట్టుకున్న ఒకామె, గౌరవం సరే గానీ ఆసుపత్రిలో నర్సు ఎదురుచూస్తోందంది. బస్సంతా నవ్వింది. ఆయన కూడా నవ్వి, మళ్ళీ అందుకున్నాడు.

ఈ గోలేదీ పట్టకుండా అత్తగారు కాలు ముందుకు చాపింది. మడమ బస్సు నేల మీద ఆనించి, మెల్లగా వెనక్కి లాక్కుంది. చాపింది, లాక్కుంది. కదిలే బస్సులో అది కుదిరేది కాదు. ముఖం బిగించి, మరోసారి లాగినప్పుడు, కాలు సీటు కిందిదాకా వచ్చింది. ఆవిడ కోడలి చేయి నొక్కి, "చూశావుటే?" అంది.

వంతెన మీద ఆ ఆగుడు దండగని, డ్రైవర్ల మార్పు డిపో దగ్గరే పెట్టుకోవచ్చని కొత్త కోడలు ఆ వారమే అధికారికి రాద్దామనుకుంది. వాక్యం కూడా మనసులో తయారుచేసుకుంది. అత్తగారి కాలు ఇంకా పూర్తిగా వంగవలసి ఉంది కాబట్టి, దాన్ని ఒక నెల వాయిదా వేసింది.