చిన్న మాట నీకు

ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు ఆఫీసులో చేరిన కొత్తలో నేనూ అందరిలాగే పొడుగు మాటలంటే భయపడ్డాను. పలకడానికే నోరు తిరగని రోగాల పేర్లు, పరికరాల పేర్లు చూస్తే గుండె జారేది. భయపడాల్సింది పొట్టి మాటలకని తెలిసేసరికి నా కొంప మునిగింది. పొడుగు మాటకు ఒకటే అర్థం. చూడడం, రాయడం, అవతల పడెయ్యడం. పొట్టి మాట అలా కాదు. ఇంగ్లీషువాళ్లు పొద్దున లేచింది మొదలు ప్రతి పనికీ దాన్నే వాడతారు. వాడి వాడి దాని ఒళ్లు హూనం చేసి మన మీద పడేస్తారు.

ఆ ఆఫీసులో నేనూ మా ఆయనా ఒకేసారి చేరాం, ఇద్దరివీ తాత్కాలిక ఉద్యోగాలే. ఆర్ అక్షరం పూర్తయ్యాక ఇద్దరిలో ఒకరినే పర్మనెంటు చేస్తామని, రెండో మనిషి ఇంటికి పోవాల్సిందేనని ప్రధాన సంపాదకుడు ముందే చెప్పాడు. ఆయన్ని మేమందరం పెద్దాయన అనేవాళ్లం. ఆ కుర్చీ నాకు కావాలి. ఇందులో దాపరికం ఏమీ లేదు. మాటల పని తప్ప నాకు ఇంకో పని చెయ్యబుద్ధి కాదు. పైగా పుస్తకం మొదటి పేజీలో పర్మనెంటు వాళ్ల పేర్లే వేస్తారు. నా పేరు అచ్చులో చూసుకోవాలని నాకు చచ్చేంత ఆశ.

ఆర్ అక్షరం మా ఇద్దరికీ పంచిన రోజు నేను ఆఫీసులో లేను. మా అత్తగారి కంటి ఆపరేషన్ కోసం ఆసుపత్రిలో ఉన్నాను. సాయంత్రం మా ఆయన అక్కడికే వచ్చాడు.

“పెద్దాయన నీకు రన్ ఇచ్చాడు. మూడంటే మూడక్షరాలు. మిగతావన్నీ నా నెత్తిన రుద్దాడు” అన్నాడు.

“మిగతావన్నీ మీకేనా? పాపం!”

“ఏం చేస్తాం? నీకు ఇంటి పని కూడా ఉంటుంది కదా, చిన్న మాటైతే తొందరగా తెమిలిపోతుందన్నాడు.”

నేను పెద్దాయన మంచితనానికి మురిసిపోయాను.

మర్నాడు రన్ అట్టపెట్టెల్లో వచ్చింది. పెట్టెల నిండా చీటీలు. ఒక్కో చీటీ మీద ఏ పుస్తకంలోనో పేపర్లోనో దొరికిన, రన్ ఉన్న ఒక ఇంగ్లీషు వాక్యం. ఒకే అర్థం వచ్చేవన్నీ ఒక కుప్పగా పెట్టి, కుప్పకో తెలుగు మాట రాయాలి. మనిషి రన్ అంటే పరుగెత్తాడు. ముక్కు కారింది. బస్సు నడిచింది, సినిమా ఆడింది, యంత్రం తిరిగింది. ఎన్నికల్లో మనవాడు నిలబడతాడు, వాళ్లవాడు పరుగెత్తుతాడు. తీగ పాకినా రన్నే, పేపర్లో వార్త వేసినా రన్నే, ఒక ఇంట్లో ముక్కోపం తాత నుంచి మనవడికి దిగినా రన్నే. ఒక కుప్ప తేలిందని ఊపిరి పీల్చుకునేలోగా అందులోంచి ఒక చీటీ పేచీ పెట్టేది. మళ్లీ మొదటికొచ్చేదాన్ని.

నిజం చెప్పొద్దూ, ఆ పేచీలు నాకు నచ్చాయి. ఒకరోజు బట్టలు ఉతుకుతుంటే ఎర్ర తువ్వాలు రంగంతా తెల్ల చొక్కాకి అంటింది. అదీ రన్నే. చొక్కా పాడైనందుకు ఏడవాల్సింది పోయి, ‘రంగు దిగడం’ అని తడి చేతులతోనే రాసుకున్నాను. అంత సంతోషం నాకు పెళ్లిలో కూడా కలగలేదు.

ఆఫీసు బల్ల చాలక పెట్టెలు ఇంటికి తెచ్చి భోజనాల బల్ల మీద పరిచాను. అందరం నేల మీద కూర్చుని తినేవాళ్లం. మా అత్తగారు ఊరుకుంటారా?

“ఇంకా ఆ ఒక్క మాటేనా అమ్మాయ్? వాడు చూడు, రోజుకో గంపెడు రాసి పారేస్తున్నాడు.”

“మీ అబ్బాయివి పొడుగు మాటలు అత్తయ్యా.”

“అదే చెబుతున్నా. పొడుగువే అంత తొందరగా అవుతుంటే పొట్టిదానికి నీకేం రోగం?”

మా ఆయన తలొంచుకుని తింటున్నాడు. అలిసిపోయాడు కాబోలనుకున్నాను.

ఏడాది చివర రన్ పూర్తి చేశాను. కాగితాల కట్ట చంకలో పెట్టుకుని, పెళ్లికి పోయినట్టు తయారై మీటింగుకు వెళ్లాను. పెద్దాయన పొడుగు బల్ల చివర కూర్చుని ఎవరెవరు ఎన్ని మాటలు చేశారో అడుగుతున్నాడు. మా ఆయన లేచి తన లెక్క చెప్పాడు. వేలల్లో ఉంది. ఎవరో చప్పట్లు కొట్టారు.

“మీవమ్మా?”

“ఒకటి” అన్నాను.

గది గదంతా నవ్వింది. టీ తెచ్చిన మనిషి కూడా నవ్వాడు. నేను కట్ట ఆయన ముందు పెట్టాను. పెద్దాయన రెండు మూడు పేజీలు తిప్పాడు, నవ్వడం మానేశాడు.

“చాలా బాగా చేశారు. నాకు తెలుసమ్మా ఇది ఎంత పనో. కానీ పైవాళ్లు అడిగేది ఎన్ని మాటలు అనే. ఎలాంటి మాటలు అని అడగరు. నేనేం చెప్పను?”

“మీరిచ్చిన మాటే కదండీ ఇది!”

ఆయనకు కాస్త ఉక్రోషం వచ్చింది. “నేనివ్వడమేంటి? చెరి సగం పంచుదామనే అన్నాను. రన్ మా ఆవిడకివ్వండి, ఒక్కటే ఇవ్వండి, ఇంట్లో ఇబ్బందులున్నాయి అని మీ ఆయనే బతిమాలాడు.”

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన కలం మూత తీస్తున్నాడు, పెడుతున్నాడు. కుర్చీ ఆయనకే వచ్చింది.

బస్టాపులో అడిగాను. “ఎందుకు చేశారు?”

“ఎవరికొస్తే ఏంటి? జీతం మనింటికేగా వచ్చేది.”

“అలాగైతే నాకే రానివ్వాల్సింది.”

మా బస్సు వచ్చింది, వెళ్లిపోయింది. చివరికి రోడ్డు వైపు చూస్తూ అన్నాడు. “చెరి సగం పంచితే నువ్వే గెలుస్తావు. ఆ సంగతి నీకు తెలియదేమో గానీ నాకు తెలుసు.”

నా పనిని అంతగా మెచ్చుకున్న మనిషి అంతకు ముందు లేడు, తర్వాతా లేడు. అదే నాకు మరీ మండింది. తెలివితక్కువదాన్నని అనుకుని చేసి ఉంటే క్షమించేదాన్నేమో.

తర్వాతి అక్షరంలో ఆయనకు సెట్ తగిలింది. ఈసారి అంటగట్టడానికి పక్కన ఎవరూ లేరు. ఒక ఆదివారం పొద్దున పెట్టెలు ఇంటికి మోసుకొచ్చి భోజనాల బల్ల మీద దించాడు.

“నువ్వైతే చకచకా చేస్తావు. ఎలాగూ ఖాళీగానే ఉంటున్నావుగా” అన్నాడు.

చీటీల మీదికి చెయ్యి పోబోయింది. ఒట్టు, ఆ క్షణంలో వేళ్లు లాగేశాయి. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

“మీ ఉద్యోగం మీరు చేసుకోండి” అని పెట్టెలు నేల మీదికి దించాను.

ఎవరికైనా ఆ నిఘంటువు దొరికితే సెట్ చూడకండి. నాలుగు అర్థాలిచ్చి చేతులు దులుపుకున్నాడు. సూర్యుడు అస్తమించడం కూడా అందులో లేదు.

పుస్తకం అచ్చయి వచ్చిన రోజు మా ఆయన దాన్ని తల్లి ఒళ్లో పెట్టాడు. మొదటి పేజీలో ఆయన పేరు. ముందుమాట చివర సంపాదకులు తలో వాక్యం రాసుకున్నారు. మా ఆయనది: ‘ఇంటి బాధ్యతలన్నీ తానే మోసి, నా కృషికి ఓపికతో సహకరించిన నా శ్రీమతికి కృతజ్ఞతలు.’

మా అత్తగారు వేలు పెట్టి చదివారు. “నీ పేరేదే?” అన్నారు.

“శ్రీమతి అని ఉందిగా అత్తయ్యా.”

“అది పేరెలా అవుతుంది? రేపు వీడు ఇంకోదాన్ని కట్టుకున్నా ఇదే చెల్లుతుంది.”

“ఊరుకో అమ్మా” అని మా ఆయన నవ్వాడు.

నేను పేజీలు తిప్పి రన్ దగ్గర తెరిచాను. ఆరు పేజీలు, ఒక్క అక్షరం మార్చకుండా వేశారు. “ఇదంతా నేను చేసింది” అన్నాను.

ఆవిడ పేజీ పైనా కిందా వెతికారు, తిప్పి వెనక కూడా చూశారు. “ఎక్కడ రాశారు?” అని అడిగారు.

ఎక్కడా రాయలేదు.