మల్లాపూర్ కంటే రెండెక్కువ

వాన కొలిచే డబ్బా మా ఇంటి ముందు ఇరవై నాలుగేళ్లు ఉంది. ఎనభై తొమ్మిదిలో పై ఆఫీసు వాళ్లు ఇద్దరు వచ్చి, చెట్టు నీడా గోడ నీడా పడని జాగా కోసం బుగ్గారం అంతా తిరిగి, చివరికి మా వాకిట్లో చిన్న గద్దె కట్టి దాన్ని నిలబెట్టారు. మా ఆయన వెంకటేశం తెల్లారగానే మోకు భుజాన వేసుకుని తాళ్లెక్కి కల్లు గీయడానికి పోయేవాడు. అందుకని కొలిచే పని నా మీద పడింది. నేను నాలుగో తరగతి దాకే చదివాను. అంకెలు రాయడం వస్తే చాలన్నారు.

పొద్దున ఎనిమిదిన్నరకు డబ్బా తెరవాలి. లోపలి సీసాలో నీళ్లను కొలత గ్లాసులో పోసి, గొంతుక్కూర్చుని, కన్ను గీతకు సమంగా పెట్టి చూడాలి. ఎన్ని మిల్లీమీటర్లో పుస్తకంలో రాయాలి. చుక్క పడకపోతే సున్నా రాయాలి, అంతేగాని ఖాళీగా వదలకూడదు. మా పెద్దోడు రవీందర్‌కు పచ్చకామెర్లు అయి కళ్లు పసుపు ముద్దల్లా ఉన్న రోజుల్లో కూడా నా ఎనిమిదిన్నర తప్పలేదు.

వాన పడ్డ మర్నాడు ఊళ్లోవాళ్లు నాగలి పక్కన పెట్టి మరీ మా వాకిట్లోకి వచ్చేవాళ్లు. "దేవవ్వా, ఎంత కొట్టిందే?" అని అడిగేవాళ్లు. అంతకుముందు నన్ను ఎవరూ ఏమీ అడిగింది లేదు. నేను చెప్పింది విని గింజ వెయ్యాలా ఆగాలా అని మాట్లాడుకుంటూ పోతుంటే, నడుం మీద చెయ్యి పెట్టుకుని చూస్తూ నిలబడేదాన్ని.

రెండేళ్లు తిరగకుండానే నా గొప్ప సగమైంది. మా మరిది పరశురాములు కల్లు దుకాణం చూసుకోవడానికి పెళ్లాంతో సహా మల్లాపూర్ మారాడు. అక్కడ కూడా ఒక డబ్బా పెట్టాలనుకున్నారట. ఎవరింటి ముందు పెట్టారో వేరే చెప్పక్కర్లేదు. మా యారాలు రుక్కమ్మ, అంటే ఆ మరిది భార్య, ఏడో తరగతి చదివింది. దాని రాత ముగ్గు పెట్టినట్టు ఉంటుంది. ఒకసారి కొలిచేవాళ్లందరినీ జగిత్యాల పిలిపించి, పుస్తకం అంటే ఇట్లా ఉండాలని రుక్కమ్మ పుస్తకం ఎత్తి చూపించారు. నా పుస్తకం నా ఒళ్లోనే ఉంది. దాని మీద కొంగు కప్పుకున్నాను.

ఆ పని ముగిసి పదేళ్లు దాటింది. ఇప్పుడు సోలార్ పలక పెట్టిన యంత్రం తనంతట తానే కొలుచుకుంటుంది. పాత పుస్తకాలను మాత్రం నేను పారెయ్యలేదు. బియ్యం డబ్బాలో వేపాకు వేసి దాచాను. పోయిన ఎండాకాలం వాటిని వెతుక్కుంటూ కృపారాణి అనే పిల్ల వచ్చింది. కోరుట్ల పిల్ల. వాళ్ల నాన్న ఆగయ్య ఇటుకలు మోసి చదివించాడట. హైదరాబాద్‌లో వాతావరణం లెక్కలు చూసే ఉద్యోగం. చాప మీద కూర్చుని, ఒక్క పేజీ వదలకుండా ఫోటో తీసుకుంది.

"గివన్ని ఏం జేస్కుంటరు బిడ్డా?" అని అడిగాను.

"యాభై అరవై ఏండ్ల వాతావరణాన్ని కంప్యూటర్ల మళ్ల కడుతున్నరు అవ్వా. ఒక్కొక్క దినం. గా దినం గాలి ఎటు కొట్టింది, మబ్బు యాడ కురిసింది, అన్ని. ఉపగ్రహాలు పైకెల్లి తీసిన ఫోటోలు, గాలిల ఇడిసే బెలూన్ల లెక్కలు, నీ డబ్బా లెక్క కలిపి చూస్తరు. పోయిన వానలు సరిగ్గ తెలిస్తెనే అచ్చే వానల సంగతి చెప్పగలుగుతరు."

అంటే నా పొద్దులన్నీ ఎక్కడో ఒకచోట నిలబడతాయన్నమాట. తాళ్లు కొట్టేశారు, మా పాత ఇల్లు కూల్చి స్లాబు వేశారు, నా చేత్తో చేసిందంటూ ఇంకేమీ మిగల్లేదు. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"ఇగ పోతున్న అవ్వా. మల్లాపూర్ల గూడ పుస్తకాలున్నయట," అంది కృపారాణి. నా కళ్లు వెంటనే ఆరిపోయాయి.

నెల దాటాక ఆ పిల్ల మళ్లీ వచ్చింది. ఈసారి ల్యాప్‌టాప్ తెరిచి నా ముందు పెట్టింది. మల్లాపూర్ అని ఉన్న చోట పైనుంచి కిందికి పచ్చ గీత ఉంది. బుగ్గారం అని ఉన్న చోట సగం దాకా పచ్చ, ఆ తర్వాత అంతా ఎరుపు.

"ఏందే గది, నాది గట్ల రక్తం కారినట్టున్నది?"

"అవ్వా, మేం ప్రతి ఊరి లెక్కను పక్క ఊర్లతోని సరిపోల్చి చూస్తం. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల, అన్నిటితోని. రెండువేల మూడు జూలై దాంక నువ్వు రాసింది జగిత్యాలతోని మంచిగ కలుస్తున్నది. గది నీకు దగ్గర గదా. ఆ తర్వాత జగిత్యాలతోని కలుస్తలేదు. కోరుట్ల అవుతల ఉన్న మల్లాపూర్‌తోని కలుస్తున్నది. గంత దూరంల వాన పడితె నీ వాకిట్ల ఎందుకు పడుతది?"

నేను కొంగు చివర మడత పెట్టుకున్నాను.

"ఇంకొకటి. గా జూలై సంది నీకు మల్లాపూర్ కంటె తక్కువ పడ్డ దినాలు పది గూడ లేవు. చానా దినాలు సరిగ్గ రెండు ఎక్కువ. వాళ్లకు ఇరవై ఒకటైతె నీకు ఇరవై మూడు. వాళ్లకు ఆరైతె నీకు ఎనిమిది."

గడప మీద కూర్చుని తమాకు నలుపుకుంటున్న మా ఆయన పకపకా నవ్వాడు. "రుక్కమ్మ ఇంట్ల ఒక పాము దూరిందంటె, మా ఇంట్ల రెండు దూరినయంటది ఇది!"

"నువ్వు నోరు ముయ్యి!" అన్నాను.

కృపారాణి మెల్లగా అడిగింది. "అవ్వా, మీ ఇంట్లకు ఫోన్ ఎప్పుడచ్చింది?"

రెండువేల మూడులో, జూలై నెలలో. చుట్టలు తిరిగిన తాడున్న ఎర్ర ఫోన్. అది వచ్చిన రోజు నుంచీ నేను ఎనిమిదిన్నర దాటగానే, పుస్తకంలో రాయకముందే మల్లాపూర్ ఫోన్ చేసి ఎంత పడిందని అడిగేదాన్ని. దానికి ఎక్కువ పడిందంటే నాకు అన్నం సహించేది కాదు. వాన కూడా చదువుకున్నదాని వైపే పోయిందా అనిపించేది. అందుకని గ్లాసులో తక్కువ కనిపిస్తే, దాని లెక్కకు రెండు కలిపి చెప్పి, అంతే రాసేదాన్ని. నాకే ఎక్కువ పడితే ఉన్నది ఉన్నట్టే రాసేదాన్ని. అట్లా పదేళ్లు.

ఇదంతా ఆ పిల్లకు చెప్పాల్సింది. చెప్పలేదు. నోట్లోంచి ఇంకో మాట వచ్చింది.

"నేనెందుకు దాన్ని జూసి రాస్త? గదే నన్ను జూసి రాసి ఉంటది. నేను ఎంత జెప్తె గంతకు రెండు తక్కువ రాసుకున్నది కావచ్చు."

కృపారాణి నా ముఖం చూసింది. "గట్లనైతె మల్లాపూర్‌ను గూడ ఎరుపు జెయ్యాలె అవ్వా. ఎవరిది నిజమో తెల్వకపోతె రెండు ఊర్లు తీసేస్తరు. ఫోన్ అచ్చే ముందటియి గూడ అనుమానంల పడుతయి."

అబద్ధం ఎందుకు, ఆ క్షణం నాకు సంతోషమే అయింది. పోతే పోనీ, అది కూడా పోతుంది కదా అనుకున్నాను. ఆ పిల్ల మాత్రం ఊరుకోలేదు. అక్కడికక్కడే రుక్కమ్మకు ఫోన్ చేసి, మాట అందరికీ వినిపించేట్టు పెట్టింది. సంగతి మొత్తం చెప్పింది.

అంతా విని రుక్కమ్మ అంది.

"మా అక్క గట్లన్నదా? అంటె గట్లనే అయి ఉంటది బిడ్డా. అక్క నాకంటె ముందుకెల్లి కొలుస్తున్నది. నాకే చెయ్యి వణికిందో, కన్ను తప్పు జూసిందో. తీసేస్తె నావి తీసెయ్యిండ్రి. అక్కయి ఉంచుండ్రి."

నాకు ఒళ్లు మండిపోయింది. పుస్తకంలో అదే ముందు, రాతలో అదే ముందు. ఇప్పుడు మంచితనంలో కూడా అదే ముందు! ఊరంతా విన్నట్టు ఈ పిల్ల ముందు, నా మొగుడి ముందు, నన్ను చిన్నదాన్ని చేసి అది పెద్దదైపోతుంటే చూస్తూ కూర్చోవాలా?

"ఏయ్ రుక్కా, ఆగే!" అని అరిచాను. "నువ్వేం త్యాగం జేసుడు అక్కర లేదు. నేనే రాసిన. నువ్వు జెప్పినదానికి రెండు కలిపి నేనే రాసిన. పదేండ్లు."

"కలిపినవా?"

"కలిపిన."

"గా రెండువేల తొమ్మిదిల, కరువుకు మావోళ్లందరు మొగులు దిక్కు జూసి ఏడ్సినప్పుడు గూడనా?"

"గప్పుడు గూడ."

ఫోన్‌లోంచి పెద్ద ఊపిరి వినబడింది. "అక్కా! నీ కాళ్లు మొక్కుత గని, ఎంత పని జేసినవే! రోజు నువ్వు జెప్పంగనె నా కడుపుల రాయి పడేది. బుగ్గారంల అన్నిసార్లు ఎక్కువనే కొడుతున్నదని, మేమెందుకు ఇడిసిపెట్టి అచ్చినమని మీ మరిదిని పట్టుకొని తిట్టేదాన్ని. నీ వాకిలి జూస్తెనే నాకు కుళ్లు పుట్టేది."

"నిజంగనా?" అన్నాను.

"ఒట్టు."

పదేళ్లు నన్ను చూసి రుక్కమ్మ కుళ్లుకుందని వింటుంటే, సిగ్గుపడాల్సింది పోయి లోపల చల్లగా అయింది. మా ఆయన నా ముఖం చూసి, "జర నవ్వుడు ఆపు, పొల్ల జూస్తున్నది," అన్నాడు.

ఫోన్ పెట్టేశాక నేను కృపారాణి పక్కన చాప మీదికి జరిగాను. "ఇగ జెప్త రాసుకో. యాది లేని దినం లేదు. నాకే ఎక్కువ పడ్డ దినాలు నిజమైనయే. గవి ఉంచు. తక్కియి తీసెయ్యి."

ఆ పిల్ల తల ఊపింది, కాని ఒప్పుకోలేదు. "గట్ల ఉంచద్దు అవ్వా. నువ్వు గెలిచిన దినాలే ఉంచి ఓడిన దినాలు తీసేస్తె, బుగ్గారం మీద ఎప్పటికి పెద్ద వానలే అనుకుంటది కంప్యూటర్. గది ఇంకో అబద్ధం అయితది."

"మరి నేను కలిపినయి తీసి అసలుది రాస్తె?"

"యాదికెల్లి జెప్పింది లెక్కల పెట్టరు. నువ్వు రాసింది గట్లనే ఉంటది, పక్కన అనుమానం అని గుర్తు పెడుతరు. మల్లాపూర్ సంగతి తెల్వకుండ నువ్వు రాసిన దినాలు ఏమన్న ఉన్నయా? గవి జెప్పు."

ఉన్నాయి. రెండువేల పదకొండు శ్రావణంలో సిరిసిల్లలో రుక్కమ్మ బిడ్డ వసంత పెళ్లి. మగ్గాల ఊళ్లో పెళ్లి పెట్టుకుని నాకు అంచు ఊడిన చీర పెట్టింది. మా ఆడబిడ్డలకు మాత్రం మంచివి. నేను ఆ చీర అక్కడే మంచం మీద పడేసి, భోజనం కూడా చేయకుండా బస్సెక్కాను. దానితో నలభై మూడు రోజులు మాట్లాడలేదు. నలభై మూడు రోజులూ గ్లాసులో ఎంత కనిపిస్తే అంతే రాశాను. కృపారాణి ఆ తేదీలు తీసి జగిత్యాల లెక్క పక్కన పెట్టి చూసింది. వేలితో ఒక్కొక్క వరుస దిగుతూ పోయింది.

"కలుస్తున్నయి అవ్వా. పూర కలుస్తున్నయి."

"కలువయా మరి? గా చీర నువ్వు జూడలేదు."

పుస్తకాలు మళ్లీ కట్ట కట్టి, నాతో చాయ్ తాగి ఆ పిల్ల పోయింది. వానలు మొదలయ్యాక ఫోన్ చేసింది. ఫోన్ రాకముందువి పద్నాలుగేళ్లు, ఆ తర్వాత కోపంగా ఉన్న నలభై మూడు రోజులు తీసుకున్నారట. మిగతావాటికి అనుమానం గుర్తు పడిందట. నేను సరేనన్నాను. బాధ అయింది గాని ఏడవలేదు.

మల్లాపూర్‌వి ఎన్ని తీసుకున్నారని నేను అడగలేదు. అడగకుండా రెండు రోజులు ఉండగలిగాను. మూడో రోజు పొద్దున్నే కృపారాణికి ఫోన్ చేశాను.

అన్నీ తీసుకున్నారట.