పదకొండు సెకన్ల శబ్దం

...కాదు, తాళాల గుత్తి అనే అన్నాడు. "పక్క గదిలో ఎవరో తాళాల గుత్తి పట్టుకుని వెతుక్కుంటున్నట్టు ఉంటుందండీ. కావలసింది దొరగ్గానే ఆగిపోయినట్టు." నేను అలాగే రాసుకున్నాను. అలా రాయడమే నా ఉద్యోగం. కారు తెచ్చిన మనిషి ఏమంటే అదే కంప్లెయింట్ కార్డులో ఎక్కించాలి, మన తెలివి కలపకూడదు అని, చేరిన రోజే మేనేజరు చెప్పాడు. బండి అలిగిందంటే అలిగిందనే రాయాలి. ఆ అలకకు జబ్బు పేరు పెట్టడం లోపల మెకానిక్కుల పని. పదహారేళ్ళుగా ఈ అద్దాల గదిలో కూర్చుని ఊళ్ళోవాళ్ళ కంప్లెయింట్లు రాస్తున్నాను. ఒక్కటి కూడా నాది కాదు.

ఈ మోడల్ వచ్చాక కంప్లెయింట్ల తీరే మారింది. రెండే సీట్లు, నేలకు జానెడెత్తు. ఎవరూ అందులోకి ఎక్కరు, దిగుతారు. అవసరానికి కొన్న బండి పాడైతే మనిషికి కోపం వస్తుంది, బల్ల గుద్దుతాడు, మేనేజర్ని పిలవమంటాడు. ఆశపడి కొన్న బండి పాడైతే మాత్రం సిగ్గేస్తుంది. వీళ్ళు గొంతు తగ్గించి చెప్తారు. ఒక పెద్దాయన ఇంజను వేడెక్కుతోందని చెప్పడానికి తలుపు వేసి కూర్చున్నాడు. ఇంకొకావిడ ఆయిల్ తాగేస్తోందని చెప్పి, వెంటనే, "అంటే, మరీ ఎక్కువ కాదులెండి" అంది, ఇంటి గుట్టు బయటపెట్టినట్టు.

కళ్ళజోళ్ళ షాపాయన మొదటిసారి వచ్చినప్పుడు, "మీరు నవ్వనంటే చెప్తాను" అన్నాడు.

"నవ్వితే ఉద్యోగం పోతుంది, చెప్పండి."

"రోజంతా నేను జనాన్ని కూర్చోబెట్టి అద్దాలు మారుస్తూ, ఇది బాగా కనిపిస్తోందా, అది బాగా కనిపిస్తోందా అని అడుగుతుంటానండీ. నన్నెప్పుడూ ఎవరూ అడగలేదు. అందుకని నాకు సరిగ్గా చెప్పడం రాదేమో."

ఆయనకు వచ్చినంత సరిగ్గా చెప్పడం నేనెవరి దగ్గరా వినలేదు. ఒకసారి తాళాల గుత్తి. ఇంకోసారి, నిద్రలో పళ్ళు కొరికే పిల్ల. మరోసారి చాలాసేపు ఆలోచించి, "ఏదో చెప్పబోయి, ఎందుకులే అని మానేసినట్టు" అన్నాడు. అది రాస్తుంటే నా చెయ్యి కొంచెం నెమ్మదించింది. కార్డులో ఆ గడి చిన్నది. అక్షరాలు కుదించి రాశాను, ఒక్క మాట కూడా పోకుండా.

శబ్దం పొద్దున మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడే వస్తుంది. అందుకని రెండుసార్లు కారు మా దగ్గరే వదిలాడు. మర్నాడు ఏడున్నరకు వచ్చాడు. అలాంటప్పుడు నేను సాక్షిగా నిలబడాలి, అది మా పద్ధతి. హెడ్ మెకానిక్ బాబాయ్ పొడుగాటి స్క్రూడ్రైవర్ కొన ఇంజనుకు, పిడి తన చెవికి ఆనించి, డాక్టరులా కళ్ళు మూసుకున్నాడు. రెండుసార్లూ ఏమీ లేదు. ఇంజను మంచిపిల్లలా మాట్లాడింది.

"ఇక్కడ మీ ముందు బుద్ధిగా ఉంటుంది" అన్నాడాయన. ముఖంలో ఆ సిగ్గు ఉంది.

మూడోసారి నేను వాళ్ళింటికి వెళ్ళాను. అది కూడా పద్ధతే, అరుదుగా వాడేది. బాబాయ్‌కి ఆ పొద్దున వేరే పని పడింది. ఇంటి ముందు సిమెంటు దారి బాగా ఏటవాలుగా ఉంది. కారు ముక్కు పైకెత్తి నిలబడి ఉంది. కిటికీ గట్టు మీద ఒకే ఒక కప్పు. ఇంట్లో ఇంకెవరైనా ఉన్నారా అని చూశాను. చూశానని ఒప్పుకోవడానికి నాకు నాలుగు రోజులు పట్టింది.

ఆయన స్టార్ట్ చేసి, దిగి, నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. ఇద్దరం ఇంజను మీదికి వంగాం. వచ్చింది. గలగలమని, లోపల ఎక్కడో, తొందర తొందరగా. నేను గడియారం చూశాను. పదకొండు సెకన్లు. ఆగిపోయింది. ఆయన వేలు ఇంకా గాల్లోనే ఉంది.

"విన్నారా?"

"విన్నాను."

"హమ్మయ్య." ఆయన కారుకు చేరబడిపోయాడు. "నా ఒక్కడికే వినపడుతోందేమోనని రెండు నెల్లనుంచి భయపడుతున్నానండీ."

నలభై మూడేళ్ళలో నేను అన్న మాటల్లో ఎదుటి మనిషికి అంత ఊరట ఇచ్చింది ఇంకొకటి ఉందా అని ఆ రోజంతా వెతుక్కున్నాను. విన్నాను. అంతే. అక్కకు జ్వరంలో సేవ చేశాను, అమ్మ ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ పక్కన కూర్చున్నాను, ఎవరూ నన్ను చూసి అలా చేరబడలేదు.

అది చైను. వినగానే తెలిసింది. పదహారేళ్ళు ఈ అద్దాల గదిలో కూర్చుంటే గోడలకు కూడా తెలుస్తుంది. ఇంజను లోపల చైనును బిగువుగా పట్టి ఉంచే చిన్న ముక్క ఒకటి ఉంటుంది. ఆయిల్ అందితేనే దానికి పట్టు. కారును రాత్రంతా ఏటవాలున నిలబెడితే ఆయిల్ కిందికి జారుతుంది. మళ్ళీ అది పైకి చేరేదాకా చైను వదులుగా కొట్టుకుంటుంది. మా వర్క్‌షాపు నేల చదును, అందుకే ఇక్కడ రాలేదు. ఇదంతా తిరిగొచ్చేటప్పుడు బస్సులోనే నాకు తేటగా అర్థమైంది. కార్డులో మాత్రం ఆయన మాటలే రాశాను. నా చెవి విన్నది రాయడానికి అందులో గడి లేదు కదా.

లేదు కదా, అని ఎన్నిసార్లు అనుకున్నానో. ఎవరూ అడక్కుండానే మనసు జవాబులు తయారుచేసి పెట్టుకుంటోందంటే, ప్రశ్న ఎక్కడో లోపల ముందే పుట్టిందన్నమాట.

తొమ్మిది రోజుల కిందట కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. ఈ మోడల్లో కొన్ని ఇంజన్లకు ఆ చిన్న ముక్క లోపంతో వచ్చింది. చైను వదులై పట్టు తప్పితే, పరుగు మీదున్న ఇంజను అక్కడికక్కడే బిగుసుకుపోతుంది. పాత కార్డుల్లో 'చైన్', 'గలగల', 'కోల్డ్ స్టార్ట్' అనే మాటలున్న కార్లన్నీ తీసి, ఈ శుక్రవారం సాయంత్రం ఐదింటికల్లా లిస్టు పంపాలి. ఆ కార్లను నడపనివ్వకూడదు. కంపెనీవాళ్ళే లారీ పంపి, ఇంకో ఊళ్ళో ఉన్న పెద్ద వర్క్‌షాపుకు తీసుకెళ్తారు. ఆ తర్వాత వాటి మంచీ చెడూ అక్కడే.

కార్డులన్నీ ఎక్కించి పెట్టిన కంప్యూటర్లో ఆ మూడు మాటలూ కొట్టాను. రెండు కార్లు వచ్చాయి. తాళాల గుత్తి రాలేదు. పళ్ళు కొరికే పిల్ల రాలేదు. చెప్పబోయి మానేసింది రాలేదు. రెండు కార్లనీ లిస్టులో ఎక్కించి మేనేజరుకు చూపించాను.

"అంతేనా?" అన్నాడు.

"అంతే వచ్చాయండి."

ఒక్క ముక్క అబద్ధం లేదు. అబద్ధమైతే రాత్రికి నిద్ర పట్టేది కాదు. నిద్ర బాగానే పట్టింది, అదే నన్ను కొంచెం భయపెట్టింది.

ఇంట్లో అక్క కుట్టుమిషన్ ముందు నుంచి లేవకుండానే అడుగుతుంది. నోట్లో గుండుసూదులు పెట్టుకుని కూడా స్పష్టంగా మాట్లాడగలదు.

"ఇవాళ వచ్చాడా, నీ కారాయన?"

"రాలేదు. ఫోన్ చేశాడు."

"ఏమంటాడు?"

"శబ్దం ఇంకా వస్తోందట."

"ఒసే, నాకో సంగతి అర్థం కాదే." అక్క సూదులు తీసి మెత్తకు గుచ్చింది. "వాడి కారు బాగుపడకపోతే వాడు ఏడవాలి. నీ ముఖం ఎందుకే ఇలా వెలిగిపోతోంది?"

"దీపం కింద కూర్చున్నానుగా."

"దీపం నా నెత్తి మీద ఉంది" అంది అక్క. చెప్పాక మళ్ళీ మిషన్ తొక్కింది. దయ తలిచి తొక్కిందనుకుంటాను. ఆ చప్పుడులో నేను జవాబు చెప్పక్కర్లేదు.

అక్కకు చెప్పనిది ఇంకొకటి ఉంది. బుధవారం ఫోన్లో, పెట్టేసేముందు, ఆయన అన్నాడు: "శనివారం తెల్లవారుజామున కొండ రోడ్డు మీదికి తీసుకెళ్దామనుకుంటున్నానండీ. కారు కొన్నదే ఆ మలుపుల కోసం. పైన కాసేపు ఆపి, ఇంజను చల్లారాక స్టార్ట్ చేస్తే అక్కడా వస్తుందేమో. మీకు వీలైతే... సాక్షిగానే లెండి."

చూస్తానన్నాను. అప్పటినుంచి చూస్తూనే ఉన్నాను, ఆ రెండో సీటును. అందులోకి దిగుతున్నాను, తలుపు వేస్తున్నాను. ప్రతిసారీ అక్కడితో ఆగిపోతోంది. కారు కదలదు. కోరిక అనేది నాకు ఎప్పుడూ అంతవరకే వచ్చు. ఒకప్పుడు ఒక పెళ్ళిసంబంధం కూడా వాళ్ళు మా వీధి చివర ఆటో దిగడం వరకే ఊహించుకున్నాను, నిజంగా కూడా అంతవరకే జరిగింది. ఇల్లు కనుక్కోలేక తిరిగి వెళ్ళిపోయారని తర్వాత తెలిసింది. అమ్మ వాళ్ళను తిట్టింది. నాకు మాత్రం వాళ్ళు ఇంకా ఏదో వీధిలో అడుగుతూ తిరుగుతున్నట్టే చాలా ఏళ్ళు అనిపించింది.

ఇవాళ శుక్రవారం. నాలుగవుతుండగా బాబాయ్ చేతులు తుడుచుకుంటూ అద్దాల గదిలోకి వచ్చాడు. మామూలుగా ఆయన లోపలికి రాడు, తలుపు దగ్గరే నిలబడతాడు.

"అమ్మాయ్, విన్నావా? మన లిస్టులో ఆ తెల్ల కారు పోయింది."

"పోవడమేంటి బాబాయ్?"

"నడపొద్దని మనవాళ్ళు ఫోన్ చేస్తే ఎత్తలేదట. పెద్ద రోడ్డు మీద ఇంజను పట్టేసింది. గోడకేసి కొట్టాడు. భుజం ఎముక విరిగి ఊరుకుంది. వెనక లారీవాడికి మంచి బ్రేకులున్నాయి కాబట్టి సరిపోయింది. లేకపోతే ఈపాటికి పూలదండే."

బాబాయ్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"నీ కళ్ళజోళ్ళాయన కారు లిస్టులో లేదేం?"

"నా కళ్ళజోళ్ళాయన ఏంటి?"

"సరే, ఊరందరి కళ్ళజోళ్ళాయన."

"కంప్యూటర్లో రాలేదు."

"కంప్యూటర్లో రాలేదు" అన్నాడు బాబాయ్, రుచి చూస్తున్నట్టు. "వాళ్ళింటికి నువ్వు వెళ్ళొచ్చావు కదా. ఏమైనా వినపడిందా?"

బల్ల మీద ఆయన అరచేతుల గీతల్లో ఇంకిపోయిన నలుపు చూస్తూ కూర్చున్నాను. విన్నాను అనే మాట ఆ రోజు ఏటవాలు మీద ఎంత తేలిగ్గా వచ్చింది. అక్కడ ఆ మాట ఇద్దరికే చెందింది. ఇక్కడ అంటే అందరిదీ అయిపోతుంది.

"నీకొకటి చెప్తాను, మేనేజరుకు చెప్పకు" అన్నాడు బాబాయ్. "నాకు ఈ చెవి సగం పోయి ఆరేళ్ళయింది. ఆ స్క్రూడ్రైవర్ పెట్టుకునేది జనం కోసం, నమ్మకంగా ఉంటారని. నేను వినడంలేదు తల్లీ. నువ్వు రాసింది చదివి వింటున్నాను. నువ్వు రాయకపోతే నాకు వినపడదు."

లేచి, కుర్చీ ఉన్నచోట పెట్టి, వెళ్ళిపోయాడు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. తిట్టి ఉంటే, ఎదురు చెప్పడంలో ఇంకో పావుగంట గడిచేది.

గోడ గడియారం నాలుగూ పది చూపిస్తోంది. తొమ్మిది ఉదయాలు, అనుకున్నాను. తొమ్మిది ఉదయాలు ఆయన ఆ ఏటవాలు మీద తాళం తిప్పాడు. ప్రతిసారీ పదకొండు సెకన్లు వంగి విన్నాడు, నాకు ఇంకా బాగా ఎలా చెప్పాలా అని. ఆ పదకొండు సెకన్లలోనూ చైను అరుగుతోంది. ఆయన చెప్పే ప్రతి కొత్త పోలికనూ నేను దాచుకున్నాను. ఒక్కసారైనా ఆ పోలిక కింద ఉన్న మనిషి గురించి ఆలోచించానా? ఆలోచించాను. అదే కదా అసలు సంగతి. ఆయన గురించి తప్ప ఇంకేమీ ఆలోచించలేదు, అయినా ఆయన కారులో కూర్చుని ఉంటాడన్న సంగతి మాత్రం నా ఆలోచనలోకి రాలేదు. రేపు తెల్లవారుజామున కొండ రోడ్డు. ఒక పక్క లోయ, ఒక పక్క బండ. పరుగు మీద ఇంజను బిగుసుకుంటే పక్కసీట్లో సాక్షి ఉన్నా లేకున్నా ఒకటే.

లారీ వస్తుంది. కారు ఎక్కిస్తారు. పెద్ద వర్క్‌షాపులో ఇంకెవరో కొత్త కార్డు తీసి, ఆయన చెప్పేది రాసుకుంటారు. మంచి ఇంజను వేస్తారు. మంచి ఇంజనున్న మనిషికి మా అద్దాల గదిలో ఏం పని ఉంటుంది?

ఫోన్ తీశాను. నంబరు చూసుకోవలసిన అవసరం లేకపోయింది. మూడో రింగుకే ఎత్తాడు. వెనకాల ఎవరో పెద్దావిడ బోర్డు మీది అక్షరాలు గట్టిగా చదువుతోంది.

"మీరేనా! నేనే చేద్దామనుకుంటున్నానండీ. రేపటికి వస్తున్నారు కదా? ఇవాళ పొద్దున భలే పోలిక దొరికింది, ఎలా ఉందంటే..."

ఎలా ఉందో వినాలని ఎంత ఉందో. ఒక్క క్షణం, ఇది విన్నాక చెప్తే ఏమవుతుంది, అనిపించింది.

"ఆగండి" అన్నాను. "అది చైనండీ. ఇంక కారు స్టార్ట్ చెయ్యకండి."