తలుపు లేని మిషన్

నాకు భయం ఎక్కువని ఇంట్లో పేరు పడిపోయింది. గ్యాస్ కట్టేశానో లేదోనని సగం దారిలోంచి వెనక్కి వచ్చిన రోజులున్నాయి, కాదనను. కానీ భివండీలో, వరాలా తలావ్ పక్క గల్లీలో ఉన్న మా గాలాలో, అంటే మా చిన్న వర్క్‌షాపులో, ఆ లేత్ మిషన్ ముందు నన్ను పట్టుకున్న భయం అలాంటిది కాదు. దానికి కారణం ఉంది. ఆ కారణాన్ని నేను కళ్లారా చూశాను.

మా ఆయన సంపత్‌కి పాత ఇనుము కనబడితే కాళ్లు ముందుకు సాగవు. చేత్తో చక్రాలు తిప్పుకునే పాత లేత్ ఒకటి కొనుక్కొచ్చి, దానికి మోటార్లు బిగించి, కంప్యూటర్ తగిలించి, అది చెప్పినట్టు నడిచే సీఎన్సీ చేశాడు. మరమగ్గాల ఇరుసులకు తొడిగే బుష్‌లు, పిన్నులు దానిమీదే తీస్తాం. ఒక్క బుష్ తయారవాలంటే టూల్స్ కొన్ని మార్చాలి. బుష్ ముఖం చదును చేసే టూల్ పని అయిపోగానే మిషన్ ఆగి ఎర్ర దీపం వెలిగించేది. అప్పుడు మామ లోపల చెయ్యి పెట్టి, నట్టు వదులు చేసి, రంధ్రం వేసే టూల్ బిగించి, పచ్చ బటన్ నొక్కేవాడు. కాసేపటికి మళ్లీ ఎర్ర దీపం, మళ్లీ చెయ్యి. పొద్దంతా అదే పని.

మామ అంటే సిద్ధిరాములు, సంపత్ తండ్రి. మీసాలు రాకముందే సిరిసిల్ల దిక్కు నుంచి భివండీ వచ్చి, ఇక్కడి కనేరి పేటలో సేట్ల దగ్గర మగ్గాలు నడిపాడు. చివరి సేటు మగ్గాలన్నీ తుక్కుకు తూచి అమ్మేశాక ఇంట్లో కూర్చోలేక మా గాలాకు వచ్చాడు. మనిషి మాట తక్కువ. కోపమొచ్చినా, అన్నం నచ్చినా ఒకటే మొహం.

ఈ మధ్య సంపత్‌కి టరెట్ పిచ్చి పట్టింది. టరెట్ అంటే గుండ్రటి ఇనుప తల. దాని చుట్టూ టూల్స్ అన్నీ ముందే బిగించి పెడితే, ఒకదాని పని కాగానే ఆ తల తనంతట తానే తిరిగి రెండోదాన్ని తెచ్చి బుష్ మీదికి పంపిస్తుంది. మనిషి చెయ్యి అక్కర్లేదు. ఎక్కడో మూతపడ్డ కార్ఖానాలోది సెకండ్‌హ్యాండ్‌ది దొరికితే, పెళ్లికూతుర్ని తెచ్చినట్టు టెంపోలో దుప్పటి కప్పి తెచ్చాడు. దాన్ని మా లేత్ మీద కూర్చోబెట్టి, తీగలు లాగి, కంప్యూటర్‌తో మాట్లాడించడానికి తిండీ తిప్పలూ మానేశాడు. నర్సింగం సేటు కొత్త రకం మగ్గాలు పెట్టాడు, ఆయన షెడ్లకు బుష్‌లన్నీ మేమే ఇవ్వాలంటే మిషన్ తనంతట తాను నడవాలి, ఆయన వచ్చి చూసుకుంటానన్నాడు. సంపత్ తొందరంతా అదే.

ఇక్కడ మగ్గం మనుషుల చేతుల గురించి చెప్పాలి. మగ్గం నడిచినంతసేపూ దాని జోలికి ఎవరూ పోరు. ఆగిందంటే పోగు తెగిందని. చప్పుడు ఆగిన క్షణంలోనే చెయ్యి లోపలికి పోతుంది, తెగిన కొసలు వెతుకుతుంది, ముడి వేస్తుంది. అందులో ఆలోచించేదేమీ ఉండదు. కంటి ముందు దోమ వస్తే రెప్ప పడినట్టే. టరెట్ సంగతి దీనికి తలకిందులు. అది ఆగిందంటే ఇంకో క్షణంలో దూకబోతోందని అర్థం.

పైగా సంపత్ ఒక తప్పు చేశాడు. తల తిరిగాక సరిగ్గా కూర్చుందో లేదో చూడడానికి ఒక చిన్న సెన్సర్ పెట్టాడు. అది వెలుతురుతో చూసే రకం, అగ్గువకు వచ్చింది. మా చుట్టూ ఉన్న గాలాల్లో మగ్గాలే. గాలి నిండా దూది నూగే. ఒక్క నూగు పోచ వచ్చి ఆ సెన్సర్‌కు అడ్డం పడితే, తల ఇంకా కూర్చోలేదనుకుని మిషన్ అలాగే నిలబడిపోతుంది. ఎర్ర దీపం కూడా వెలగదు. ఆ నూగు తొలగిన మరుక్షణం, ఏమీ జరగనట్టు టూల్‌ని ముందుకు తోసేస్తుంది.

ఇదంతా మాకు మొదటి ట్రయల్ రోజే తెలిసింది. తల ఒకసారి తిరిగింది, మా ఆయన మొహం వెలిగిపోయింది. రెండోసారి తిరిగి ఆగిపోయింది. సంపత్ కంప్యూటర్ వైపు చూస్తున్నాడు. మామ చెయ్యి లేచి లోపలికి పోయింది. మనిషి మొహంలో ఏ మార్పూ లేదు, చెయ్యి ఒక్కటే పోయింది. నేను అరిచాను. సంపత్ తిరిగి చూసి, మిషన్ ఆపే ఎర్ర బటన్ మీద గుద్దాడు. అప్పటికే కదిలిన టూల్, మామ వేళ్ల దగ్గరగా వచ్చి ఆగింది. మామ చెయ్యి వెనక్కి తీసుకుని, తువ్వాలతో తుడుచుకుని, చాయ్ తాగొస్తానని బయటికి వెళ్లాడు.

ఆ రోజు నుంచి నాకు అన్నం సయించలేదు. అన్నం కలుపుతున్న మామ వేళ్లను ఒక్కొక్కటే లెక్కపెట్టేదాన్ని. మిషన్‌కి తలుపు పెట్టమని సంపత్‌ని పోరాను. తలుపుకో స్విచ్ ఉంటుంది, తలుపు తెరిస్తే మిషన్ కదలదు. పెద్ద కంపెనీల మిషన్లన్నిటికీ ఉండేదే. ఆయన కాదనలేదు. అది మా ఆయనలో ఉన్న గుణం, దేనికీ కాదనడు. నర్సింగం సేటు వచ్చిపోయాక పెడతానన్నాడు, సెన్సర్‌కు నూగు పడకుండా డబ్బా కూడా అప్పుడే పెడతానన్నాడు. ఇప్పుడు రేకు కోస్తూ కూర్చుంటే సెట్టింగ్ ఎప్పుడు చేయాలని నన్నే అడిగాడు.

అలా అయితే మామను మిషన్ దగ్గరికి రానీయొద్దని, ఆయన చోట నేను నిలబడతానని అన్నాను. మిషన్లు నాకు కొత్త కావు. కనేరిలోనే పుట్టాను, బడి నుంచి రాగానే మా అమ్మతో కండెలు చుట్టే మిషన్ ముందు కూర్చున్నదాన్ని. సంపత్ ఒప్పుకున్నాడు గానీ ఆ మాట తండ్రికి చెప్పడానికి నోరు పెగల్లేదు. ముసలాయనకు నీ పని అయిపోయిందని ఎవరు చెబుతారు? నువ్వు చెప్పు అంటే నువ్వు చెప్పు అని చాలా రోజులు వాదులాడుకున్నాం. ఆఖరికి ఒకనాడు అన్నాలు తింటుండగా, పళ్లెంలోకి చూస్తూ, ఇక మిషన్ దగ్గర జ్యోతి చూసుకుంటుందని సంపత్ గొణిగాడు. మామ సరే అన్నాడు. ఇంకో ముద్ద పెట్టించుకుని తిన్నాడు.

గండం గడిచిందనుకున్నాను. మర్నాడు పొద్దున చూస్తే మామ మా అందరికంటే ముందు చెప్పులేసుకుని గుమ్మంలో ఉన్నాడు. గాలాకు వచ్చి మిషన్‌కి అటుపక్క, సరిగ్గా నాకు ఎదురుగా, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. రోజూ అదే. నాకు ఒళ్లు మండేది. కోడలి మీద అంత నమ్మకం లేదా అనిపించేది. కోపం కంటే భయం ఎక్కువ. కట్టుకున్న చేతులు విప్పుకోవడానికి ఎంతసేపు? మిషన్ ఆగినప్పుడల్లా నేను టూల్‌ని చూడడం మానేసి మామ భుజాలు చూసేదాన్ని. భుజం కదిలితే ఎర్ర బటన్ నొక్కాలని వేలు దానిమీదే పెట్టుకునేదాన్ని.

ఆయన కోసం కుర్చీ తెచ్చి గాలా తలుపు దగ్గర వేశాను. దాన్ని ఎత్తుకొచ్చి మిషన్ పక్కన పెట్టుకున్నాడు, అందులో కూర్చోనూ లేదు. బుష్‌లు ఏరమని గంప ముందు పెడితే చకచకా ఏరేసి మళ్లీ వచ్చి నిలబడ్డాడు. చాయ్ తెమ్మంటే పక్క గాలా మనిషికి చెప్పి తెప్పించాడు. మా అమ్మాయి శ్రద్ధ మరాఠీ బడి నుంచి వచ్చి ఇదంతా చూసి, "మమ్మీ, తాతకి ఉగాచ్ త్రాస్ ఎందుకిస్తున్నవ్, నిలబడనీ" అంది. ఊరికే సతాయిస్తున్నానట. దానికేం తెలుసు. నాకు కలలో కూడా మామ చెయ్యే వచ్చేది.

మిషన్ చూడడానికి వస్తానన్న రోజు నర్సింగం సేటు పొద్దున్నే వచ్చాడు. తెల్ల చొక్కా వేసుకున్నాడు, నూనె అంటుతుందని ఎక్కడా ఆనుకోకుండా నిలబడ్డాడు. సంపత్ కొత్త బుష్ ముక్క బిగించి, ఒకసారి దండం పెట్టుకుని, పచ్చ బటన్ నొక్కాడు. మొదటి టూల్ వచ్చి ముఖం చదును చేసింది. తల తిరిగింది. రెండోది వచ్చి రంధ్రం వేసింది. సేటు మెచ్చుకోలుగా తల ఊపాడు. ఎవరూ ముట్టకుండా ఎట్లా చేస్తోందో చూడమని సంపత్ ఆయనకు కంప్యూటర్ తెర చూపించడం మొదలుపెట్టాడు. ఇద్దరూ మాకు వీపు తిప్పారు.

టరెట్ తల మళ్లీ తిరిగింది. ఆగింది. ఆగే ఉంది.

నేను ముందుగా మామ భుజాలు చూశాను. కదల్లేదు. చేతులు వెనకే ఉన్నాయి. అమ్మయ్య అనుకున్నాను, బటన్ మీది వేలు కూడా సడలింది. అప్పుడు కనబడింది సెన్సర్ మీద నూగు పోచ. తెల్లగా, చిన్నగా, గాలికి వణుకుతోంది. సేటు తిరిగి చూసేలోగా మిషన్ నడిస్తే బాగుండును అనుకున్నట్టు గుర్తు. ఆ తర్వాత గుర్తున్నది నా రెండు వేళ్ల మధ్య మెత్తటి నూగు.

మణికట్టును ఎవరో విరిచేసినంత గట్టిగా లాగారు. గాజులు పగిలాయి. నా చెయ్యి ఉన్న చోటి నుంచే టూల్ దూసుకుపోయి రంధ్రంలో దిగింది, చక్కగా తన పని తాను చేసుకోసాగింది. మామ ఒక చేత్తో నా మణికట్టు పట్టుకునే, ఇంకో చేత్తో ఎర్ర బటన్ మీద గుద్దాడు. తిరుగుతున్న ముక్క ఆగింది, లోపల టూల్ విరిగిన చప్పుడైంది.

సంపత్ వెనక్కి తిరిగి, ముందు విరిగిన టూల్‌ని చూశాడు. బాపూ, ఏం చేసినవని తండ్రిని కసిరాడు. ఆ తర్వాత నా చేతి మీద నెత్తురు చూశాడు. అది గాజు గుచ్చుకున్న నెత్తురే. కానీ ఆయనకు ఆ సంగతి తెలియదు.

మామ నర్సింగం సేటుతో మాట్లాడాడు. "సేటూ, ఈ మిషిన్‌కు తలుపు లేదు. తలుపు పెట్టేదాక ఇది నడువది. నీకు తొందరుంటే వేరే కాడ చూస్కో."

సేటు నా చేతి వైపు ఒకసారి చూసి, తలుపు పెట్టాక ఫోన్ చేయమని వెళ్లిపోయాడు. ఫోన్ చేస్తే వస్తాడో రాడో తెలియదు. సంపత్ మెయిన్ స్విచ్ తీసేసి, మరో మాట లేకుండా టేపు తీసుకుని రేకు కొలతలు తీయడానికి కూర్చున్నాడు. ఒకే కొలత మళ్లీ మళ్లీ తీస్తున్నాడు.

మామ నా చెయ్యి కడిగి, గాజు పెంకులు తీసి, తన తువ్వాల చింపి కట్టాడు. ఇన్నేళ్ల కాపురంలో మామ నా ఎదురుగా ఇంత దగ్గరగా కూర్చోవడం ఇదే మొదలు. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. ముసలాయన చెయ్యి అదుపులో లేదని ఆయన్ను మిషన్ దగ్గర నుంచి తీసేయించినదాన్ని నేను. అంత తొందరగా ఎట్లా అందుకున్నావని మాత్రం అడగగలిగాను. మిషన్‌కి అటుపక్క, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డ మనిషి ఆయన.

"నేను రోజూ నీ చెయ్యే చూస్తున్న బిడ్డా," అన్నాడు మామ. "మొదటి దినం నా చెయ్యి లోపలికి వోయింది సూడు. అందరు నా చెయ్యే చూసిన్రు. గప్పుడు నీ చెయ్యి గూడ లేసింది. నా కంటె గింత ఎన్క లేసింది, గంతే. నువ్వు చూస్కోలే."

ట్రయల్ రోజు నేను అరవడం గుర్తుంది. నా చెయ్యి ఎక్కడుందో గుర్తులేదు. ఎంత తలుచుకున్నా గుర్తుకు రాలేదు. ఇన్నాళ్లూ కోడలి మీద నమ్మకం లేక వచ్చి నిలబడుతున్నాడని పళ్లు నూరుకున్నాను.

"నాకెందుకు చెప్పలే మామా?"

"నీ చెయ్యి నీ మాట ఇనది అని నీకెట్ల చెప్పాలె. నాకు చెప్పనీకి మీరిద్దరు ఎన్ని దినాలు గుంజుకున్నరు?"

అంటే ఆ వాదులాటలన్నీ ఆయన విన్నాడన్నమాట. నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే, మనసులో తొలుస్తున్నది అడిగేశాను. "నువ్వు నా చెయ్యే చూస్కుంట నిలబడితే, నీ చెయ్యి మల్ల లోపలికి వోతే ఎట్ల? నీ చెయ్యి ఎవరు చూడాలె?"

మామ తువ్వాల ముడి బిగించి, ఊడుతుందేమోనని ఒకసారి లాగి చూశాడు.

"నువ్వు చూస్తున్నవ్ గద," అన్నాడు.